పెద్దాయన పళ్లెంలో మొదటి ముద్ద

ఈ మధ్య నర్సింగు చదివే ఆడపిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మతి తప్పిన ముసలివాళ్లను చూసుకోవడంలో అన్నిటికన్నా కష్టమైనది ఏది మేడమ్ అని అడిగారు. స్నానం చేయించడమనో, పక్క బట్టలు మార్చడమనో చెబుతానని అనుకుని ఉంటారు. అన్నం పెట్టడం అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు. విడమరిచి చెబుదామంటే బస్సు టైమైందని లేచారు. ఆ కథే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, వాళ్ల కోసమూ, వాళ్లలాంటి వాళ్ల కోసమూ.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా అవ్వ వాళ్ల అమ్మ దొరల కాలంలో బాప్తిస్మం తీసుకుంది. ఆ పుణ్యాన మా అమ్మ తరం నుంచి మా ఇంట్లో ఆడవాళ్లు కూలికి పోవడం మాని టీచర్లో నర్సులో అయ్యారు. నేను చాలా ఏళ్లు ఆసుపత్రుల్లో చేసి, చివర్లో ప్రొద్దుటూరులో ఒక ట్రస్టు వాళ్ల వృద్ధుల ఆశ్రమంలో పెద్ద నర్సుగా చేరాను. అక్కడ వెనకవైపు పొడుగాటి హాలు ఒకటి మతిమరుపు జబ్బు వాళ్లకే ఉండేది. డిమెన్షియా అన్న మాట అప్పట్లో డాక్టరు నోట తప్ప వినపడేది కాదు. ఇళ్లలో మాత్రం మతి సరిగా ల్యా అని గొంతు తగ్గించి చెప్పేవాళ్లు.

అన్ని రకాల వాళ్లూ వచ్చేవాళ్లు మా దగ్గరికి. వల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక రిటైరు టీచరమ్మ ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టేది కాదు. ఆమెన్ అన్నాక ప్రార్థన చేసిన సంగతి మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేది. అన్నం చల్లారిపోయేది. మేం పక్కన కూర్చుని, ఆమెన్ అన్న వెంటనే ముద్ద నోట్లో పెట్టేవాళ్లం. జట్కా తోలిన సాయబు తాత ఒకాయన ఉండేవాడు. ఎవరి పళ్లెం కనిపిస్తే అందులో చేయి పెట్టేవాడు. తిట్టినా నవ్వేవాడు. ఎవరికి ఏది నప్పుతుందో మాకు బాగా తెలుసని మేం కొంచెం గర్వంగానే ఉండేవాళ్లం.

అలాంటి రోజుల్లో, ఎలక్షన్ల ముందు, పులివెందుల వైపు నుంచి ఒక జీపులో పెద్దాయనను తెచ్చారు. మనిషి పొడగరి, తెల్ల పంచె, తెల్ల మీసం. ఒకప్పుడు తన ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. బయటి వాళ్లకు ఇది చెప్పాలి. మా పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు. ఏ వీధిలో ఉంటావు, ఎవరింటి పెళ్లికి పోతావు, ఎవరి శవం మోస్తావు, అదీ పార్టీ. జెండాలు మారుతుంటాయి. ఆయన ఊళ్లో రెండు వీధులకూ చాలా ఏళ్లుగా పడదు. రెండు వైపులా మనుషులు పోయారు.

ఆయనకిప్పుడు ఆ గొడవలేవీ సరిగా గుర్తులేవు. కొడుకును చూసి "ఎవురప్పా నువ్వు?" అంటున్నాడు. ఆ కొడుకు నలభై దాటిన మనిషి, అప్పటికి ఊళ్లో పెద్దరికం ఆయనదే. తండ్రి నోట ఆ మాట వచ్చినప్పుడల్లా గోడ వైపు చూసేవాడు.

మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. హాల్లో అందరితో పాటు చాప మీద కూర్చునేవాడు. ఒకే గుండిగలోంచి అందరికీ వడ్డించేవాళ్లం. సంగటి, పప్పు, మజ్జిగ. అటూ ఇటూ చూసి, అందరూ మొదలుపెట్టాక శుభ్రంగా తినేవాడు. పెద్దమనిషి మర్యాద అనుకున్నాం.

వారం తర్వాత కొడుకు వచ్చి చూసేసరికి ఆయన సాయబు తాతకూ, మా కులపు ముసలమ్మ ఒకామెకూ మధ్య కూర్చుని సంగటి తింటున్నాడు. కొడుకు నన్ను వరండాలోకి పిలిచాడు. మనిషి గట్టిగా మాట్లాడడు, అదే భయం.

"సిస్టరమ్మా, తప్పుగా అనుకోవద్దు. మా నాయినకు వేరేగా వండిపెట్టండి. ఎవురెవురికో పెట్టే కుండలోది వద్దు. మా కులమోళ్లు ఎవురన్నా ఉంటే వాళ్లతో వండియ్యండి."

మాకది అన్యాయంగా తోచలేదు. ఎవరి ఆచారం వాళ్లది, గౌరవించాలి అని మేమే ఇతరులకు చెప్పేవాళ్లం. ఆయన కులానికే చెందిన ఒకామెను వంటకు పెట్టాం. ఊరొదిలి ప్రొద్దుటూరు చేరిన మనిషి, పని వెతుక్కుంటోంది, చేయి శుభ్రం. వరండా చివర గది ఇచ్చాం. వేరే కుండ, వేరే పళ్లెం, పైన మూత. ఆ పళ్లెం మాలో ఎవరూ ముట్టకూడదని నేనే చెప్పాను. పెద్దింటి వాళ్ల పళ్లెం జోలికి పోకూడదని చిన్నప్పటి నుంచి విన్న మాట నాకు గట్టిగానే పట్టి ఉంది. బీపీ మాత్రలు మింగకుండా ఉమ్మేస్తున్నాడని, డాక్టరు చెప్పిన ప్రకారం వాటిని పొడి చేసి పప్పులో కలిపేవాళ్లం. అప్పట్లో అందరూ చేసేదే.

ఆ రోజు నుంచి ఆయన తినడం మానేశాడు.

మూత తీస్తే పళ్లెం వైపు చూసేవాడు, పక్కకు తిరిగేవాడు. బతిమాలితే పళ్లెం తోసేవాడు. మజ్జిగ మాత్రం, అదీ నేను హాల్లోంచి గ్లాసుతో తెస్తే, ఎప్పుడైనా రెండు గుక్కలు. మూడో రోజో నాలుగో రోజో నోరు విప్పాడు.

"మందు పెట్టినారు."

మా వైపు మందు అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. చేలో కొట్టేది మందు. దుకాణంలో పోయించుకునేది మందు. బాంబుల్లో కూరేదీ మందే. కానీ మందు పెట్టినారు అని ఒకరు అన్నం వైపు చూసి అంటే అర్థం ఒక్కటే, విషం. మా డాక్టరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడు, ముసలివాళ్లతో అబద్ధం ఆడకూడదని పట్టుదల ఉన్నవాడు. ఆ రోజు రౌండుకు వచ్చి, ఆయన మంచం మీద కూర్చుని, చేయి పట్టుకుని ఎంతో ప్రేమగా చెప్పాడు.

"అవునండీ పెద్దాయనగారూ, అన్నంలో మందు కలుపుతున్నాం. మీ మంచికేనండి. తినేయండి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఇన్యావా మ్మా? ఒప్పుకున్యాడు."

డాక్టరును బయటికి లాక్కెళ్లి, సార్, ఇక్కడ ఆ మాట అనకూడదు అని చెప్పాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత మొహం పాలిపోయింది. మర్నాడు నేనొక పని చేశాను. అదే కుండలోంచి నాకొక పళ్లెంలో పెట్టుకుని ఆయనకెదురుగా కూర్చుని తిన్నాను. ఆయన నేను తింటున్నంత సేపూ చూశాడు.

"నీ పళ్లెం వేరే, నా పళ్లెం వేరే గదా మ్మా," అన్నాడు. తినలేదు.

బుగ్గలు లోపలికి పోయాయి. పంచె నడుము మీద నిలవడం లేదు. ఇంకో ఊళ్లో అయితే, అన్నంలో విషం ఉందని ముసలాయన అనడం జబ్బులో భాగమని రాసుకుని ఊరుకుంటారు. మా దగ్గర అది సాక్ష్యం. ఎలక్షన్ల ముందు, ఒక పార్టీ పెద్ద, తన నోటితో విషం పెట్టారని చెప్పి మరీ తిండి లేక చనిపోతే, ఆ శవం ఊరికి చేరిన సాయంత్రం ఏం జరుగుతుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆదివారం ప్రార్థనకు పోయి కూడా అదే ఆలోచన.

దానికి తోడు వంటామె ఒక రోజు అంట్లు తోముతూ నన్ను పిలిచింది.

"అక్కా, నీకొక మాట చెప్పాల. నాది ఆ పెద్దాయిన ఊరే."

"ఏందమ్మా నువ్వు చెప్పేది?"

"ఊరే అది. వీధి మాత్రం ఎదుటి వీధి. ఆ గొడవల్లోనే మా మరిదికి చెయ్యి పోయింది. చేను బీడు పెట్టి ఈడికొచ్చినాం. ఆయిన్ని జీపు దిగంగానే గుర్తు పట్టినా. ఆయినకు నేను తెలీదు."

"మరి చేరేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మీరు కులం అడిగితిరి, చెప్తి. ఊరు అడగకపోతిరి."

ఒకే కులం గదా అని మేం నిశ్చింతగా ఉన్నాం. ఆ ఊళ్లో నరుక్కున్న రెండు వీధులూ ఒకే కులం అన్న సంగతి ఈ జిల్లాలో పుట్టిన నాకు తట్టకపోవడం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆమె మాట విన్నాక నా చూపు నాకు తెలియకుండానే పొయ్యి మీద కుండ వైపు పోయింది. ఆమె అది కనిపెట్టింది.

"చూడక్కా, బాగా చూడు. నువ్వే ఇట్ల చూస్తే ఇంగ వాళ్లెట్ల చూస్తారో."

సిగ్గేసింది. పని మానేసి పో, నేను సర్దుకుంటాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు పోతే మందు పెట్టేసి పారిపోయిందంటారు అంది. అదీ నిజమే. చేతులు బూడిదతో ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేక మోచేత్తో తుడుచుకుంది.

ఇక ఆగలేమని డాక్టరు తేల్చేశాడు. ముక్కులోంచి గొట్టం వేసి గంజి పోయాలి. పీకేసుకుంటాడు కాబట్టి చేతులు గుడ్డతో మంచానికి కట్టాలి. కొడుకు ఒప్పుకోవాలని కబురు పంపారు. ఆ చేతులు కట్టేసి ఉండడం ఆయన మనుషులు చూస్తే ఏమవుతుందో అని నేనూ, ఆయన ప్రాణం పోతే ఏమవుతుందో అని డాక్టరూ, ఇద్దరం ఆ రోజు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు కొడుకు వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, గది వాకిట్లో నిలబడ్డారు. కొడుకు స్టూలు మీద కూర్చుని తండ్రి కాళ్ల వైపు చూశాడు. ఎంత చిక్కిపోయాడో అప్పుడే కనబడింది ఆయనకు. డాక్టరు గొట్టం సంగతి మొదలుపెట్టబోతుండగా వంటామె మూతపెట్టిన పళ్లెం తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టింది. ఆ పూట పప్పులో మాత్ర ఇంకా కలపలేదు.

"నాయినా, తిను," అన్నాడు కొడుకు.

"ఎవురప్పా నువ్వు? పోలీసోడివా?" పెద్దాయన కాస్త లేచి కూర్చున్నాడు. "అట్లయితే రాసుకో. నాకు మందు పెట్టినారు. ఆ డాక్టరే ఒప్పుకున్యాడు."

కొడుకు డాక్టరు వైపు చూశాడు. ఎంత చెప్పినా ఆ కుర్రవాడి నోరు అలవాటు మానలేదు. "ఆయన తీసుకోవట్లేదని మందు అన్నంలోనే..." అని అక్కడికి గతుక్కుమని ఆగిపోయాడు.

"మాత్ర అప్పా, మాత్ర!" అని నేను అరిచినంత పని చేశాను. "బీపీ మాత్ర. పొడి చేసి కలుపుతాండాం. ఇంగేం ల్యా."

కొడుకు వంటామె వైపు తిరిగాడు.

"ఏ ఊరు మ్మా నీది?"

ఆమె ఊరు చెప్పింది. అబద్ధం చెబుతుందేమోనని నేను ఆశపడ్డాను.

"ఎవురింటోళ్లు?"

అదీ చెప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, తల దించలేదు. వాకిట్లో ఉన్న ఇద్దరూ లోపలికి వచ్చారు, ఒకడు తలుపు దగ్గరికి వేశాడు. యేసయ్యా అని అనుకోవడానికి కూడా మనసు కుదరలేదు. ఆమెకు ముందు నేను నిలబడాలా, నిలబడితే ఏమవుతుంది, ఈ ఆలోచనే తిరుగుతోంది గానీ కాళ్లు కదలడం లేదు.

అప్పుడు తలుపు మళ్లీ తెరుచుకుంది. సాయబు తాత. హాల్లో తిన్న సంగతి మరిచిపోయి ఉంటాడు, పప్పు వాసన పట్టుకుని వచ్చాడు. అంతమందిలో ఎవరినీ చూడలేదు. నేరుగా వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. పళ్లెం మీద మూత తీసి, చేయి పెట్టి, సంగటి తుంచి పప్పులో అద్దుకున్నాడు.

"తాతా, వద్దు!" అన్నాను. వాకిటి మనుషులు ఇద్దరూ ముందుకు వచ్చారు. పెద్దాయన చేయి ఎత్తాడు. ఎప్పటి అలవాటో, ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

సాయబు తాత నమిలి మింగాడు. పెద్దాయన ఆయన గొంతు వైపే చూస్తున్నాడు. ఇంకో ముద్ద పోయింది.

"ఎట్లుండాది సాయిబూ?"

"ఉప్పు తక్కువుండాది భాయ్."

"కడుపులో ఎట్లుండాది?"

"కడుపులో ఆకలుండాది."

పెద్దాయన నవ్వలేదు. చూస్తూ కూర్చున్నాడు. మేం అందరం కూడా సాయబు తాతనే చూస్తూ కూర్చున్నాం, ఆయనకు నిజంగానే ఏమన్నా అవుతుందేమోనన్నట్టు. చాలాసేపటికి పెద్దాయన పళ్లెం తన వైపు లాక్కున్నాడు. సాయబు చేయి పెట్టిన చోటి నుంచే సంగటి తుంచుకుని తినడం మొదలుపెట్టాడు. ఆపడం లేదు. అన్నాళ్ల ఆకలి.

కొడుకు తల పట్టుకున్నాడు.

"తప్పు నాది," అన్నాడు. "మా నాయిన ఒకరు తినంది ఏదీ తినడు సిస్టరమ్మా. ఆ గొడవల్లో మొదలైంది. బయట ఎవురో ఒకరు, పనోళ్లు, అదే పళ్లెంలో ముందు తిని చూపీయాల. ఇంట్లో అయితే మా యమ్మ. ఆయమ్మ ఒక ముద్ద తిని, ఆకూ వక్కా ఏసుకున్నంత సేపు ఎదురుగా కూర్చుంటాండె. అప్పుడు తింటాండె ఆయిన. ఆయమ్మ పోయినాక నేనెప్పుడూ ఆలోచన చెయ్యల్యా. నేనే వేరే పళ్లెం పెట్టిచ్చి, మూతేపిచ్చి, ఆయిన నోరు కట్టేసినా."

హాల్లో అందరూ ఒకే గుండిగలోది తింటే ఆయన ఎందుకు తిన్నాడో అప్పుడు అర్థమైంది. మేం ఎవరూ ముట్టకుండా జాగ్రత్తగా మూతపెట్టి ఇచ్చిన పళ్లెమే ఆయనకు అన్నిటికన్నా భయమైన పళ్లెం.

కొడుకు లేచి మంచం దగ్గరికి వచ్చాడు. పళ్లెంలో ఇంకా సగం ఉంది. తండ్రికి ధైర్యం చెప్పడానికో ఏమో, తానూ ఒక ముద్ద తిందామని చేయి పెట్టాడు. పెద్దాయన టక్కున ఆ మణికట్టు పట్టుకున్నాడు. అంత చిక్కిపోయిన చేతిలో అంత బలం ఎక్కడిదో.

"నువ్వొద్దు నాయినా," అన్నాడు. "నువ్వు తినొద్దు."

కొడుకును గుర్తుపట్టడం మానేసి అప్పటికి చాలా నెలలు. కొడుకు చేయి వెనక్కి తీసుకోలేక, అలాగే వంగి నిలబడి, అందరి ముందూ ఏడ్చేశాడు. వాకిటి మనుషులు ఇద్దరూ వరండాలోకి పోయి కానుగ చెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. పోయేటప్పుడు కొడుకు వంటామె ముందు ఆగాడు. ఏదో అనబోయి, "మా నాయిన్ని చూసుకో మ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.

మరుసటి పూట నుంచి పెద్దాయన మళ్లీ హాల్లోనే, చాప మీద. మాత్ర మాత్రం ఆయన కళ్ల ముందే, మాత్ర అని చెప్పి ఇచ్చేవాళ్లం. డాక్టరు కూడా మందు అనడం మానేశాడు. తన ఊరికి పోయినప్పుడు కూడా మాత్ర అనే వస్తోందని నవ్వేవాడు. వంటామె మాత్రం ఎలక్షన్లు అయ్యేదాకా ఉండి పని మానేసింది. దూరాన చెల్లెలి ఊరికి పోయింది. భయం తగ్గలేదక్కా అంది. నేను ఆపలేదు, ఏం చెప్పి ఆపుతాను.

మీరు చేరే చోట మతం అడుగుతారు, కులం అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. అడగండి, తప్పు లేదు. అవి తెలిశాయి గనక మనిషి తెలిశాడని మాత్రం కుదురుగా కూర్చోవద్దు. మేం అలా కూర్చునే ఒక ఆడమనిషిని ప్రాణభయంలోకి నెట్టాం.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. వానలు మొదలయ్యాక పెద్దాయనకు జ్వరం వచ్చింది. హాల్లోకి రాలేడు. గదికే పళ్లెం తెచ్చాను. సాయబు తాత అప్పటికి లేడు. పెద్దాయన పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. అలాంటి ఇళ్లకు కూలికి పోయినప్పుడు మా అవ్వ కొట్టం దగ్గరే నిలబడేది. దాహమంటే పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు, చెంబు తగలకుండా. బయట ఈయనకు ముందు తిని చూపించిన పనివాళ్లు మా కులం వాళ్లేనని కొడుకే ఒకసారి చెప్పాడు. ఇప్పుడు నా ఎంగిలి కోసం ఈయన ఎదురు చూస్తున్నాడు. మేం పైకి వచ్చామో, ఉన్నచోటే ఉన్నామో నాకు తెలియలేదు. పళ్లెంలో చేయి పెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను.

పట్టుకోలేదు. నా గొంతు వైపు చూస్తున్నాడు. నమిలాను. మా గుండిగలోదే అని తెలిసి కూడా నమిలేటప్పుడు నాకు భయం వేసింది. మింగాను.

"ఏం కాల్యా గదా మ్మా?"

"ఏం కాల్యా పెద్దాయినా."

తిన్నాడు. పళ్లెం ఖాళీ చేశాడు. తింటున్నాడన్న సంతోషం, నా చేయి పట్టుకోలేదన్న కోపం, రెండూ కలిసి వచ్చాయి నాకు. ఏదీ పైకి చూపకుండా గ్లాసులో నీళ్లు పోసి అందించాను.

ఆయన గ్లాసు తీసుకోలేదు. రెండు వేళ్లతో నా వైపే తోశాడు, ముందు నువ్వు తాగు అన్నట్టు. తాగాను.